మూడు చక్రాల ముచ్చటైన కారు

మూడు చక్రాల కారు మన దేశంలో తయారైందని మీకు తెలుసా? పేరు 'బాదల్', అంటే మేఘం. 1970లలో బెంగుళూరు సన్‌రైజ్ సంస్థ చేసింది. ముందొక చక్రం, వెనక రెండు. ఇంజను 198 సీసీ, స్కూటరు ఇంజనుకన్నా కాస్త పెద్దది. పైభాగమంతా ఫైబర్. 1983లో మారుతి 800 వచ్చాక ఇలాంటి బుల్లికార్లను అడిగేవారే కరువయ్యారు.

మీ షెడ్డులో అలాంటిదొకటి మూలన పడుందా? తూకానికి అమ్మేయకండి! పైన పగుళ్ళుంటే బెంగ వద్దు. గిలకలదిండిలో ఫైబర్ పడవలకు వేసే అతుకే దీనికీ వేయించవచ్చు. అసలు చిక్కు అడుగునున్న ఇనుముతోనే. బందరు, దివిసీమల్లో ఉప్పుగాలి, గుడివాడ వైపు పొలాల చెమ్మ... తుప్పు పట్టక మానదు. చిలకలపూడి నగకు పైపూత ఎంతో, ఇనుముకు రంగు అంత. తుప్పు గీకించి, రెడాక్సైడు పూయించి, ఆపైన రంగు వేయించండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే తీయించేయండి.

విప్పిన ప్రతి బోల్టూ, మూతా ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి, దేనిదో చీటీ రాసి అంటించండి. తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి విడిభాగాలు కొట్లో దొరకవు. ఆర్.సి. పుస్తకం మాత్రం బీరువాలో పట్టుచీరల సరసన ఉండాలి సుమా!