యాభై గ్రాముల తేడా, నలభై కిలోల దెబ్బ

తోటలో గడ్డి కొట్టే పాత స్లాషర్ వణకడం మొదలుపెడితే చాలామంది ముందు గేర్ బాక్స్ బేరింగునే అనుమానిస్తారు. బేరింగు జోలికి వెళ్లకముందే రెండు బ్లేడ్లూ ఊడదీసి, మట్టి గీకేసి, కిరాణా కొట్టు కాటా మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తూచండి. తేడా 50 గ్రాములు వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

లెక్క ఇదీ. ట్రాక్టరు వెనక యంత్రాలను తిప్పే ఇరుసు, అంటే పీటీవో, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. స్లాషర్ గేర్ బాక్స్ దాన్ని ఇంకా పెంచుతుంది. 5 అడుగుల యంత్రానికి 1:1.93 గేరు ఉందనుకుంటే బ్లేడ్లు నిమిషానికి 1,042 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 17కు పైనే. బ్లేడు కొన వేగం గంటకు దాదాపు 300 కిలోమీటర్లు. ఆ వేగంలో ఇరుసుకు 65 సెంటీమీటర్ల దూరాన ఉన్న ఒక్కో గ్రాము సుమారు 790 గ్రాముల బలంతో బయటికి లాగుతుంది. రెండు పక్కలా బరువు సమానమైతే ఈ లాగుడుకు ఆ లాగుడు సరిపోతుంది. ఒక పక్క 50 గ్రాములు ఎక్కువైతే మాత్రం మిగిలిపోయే బలం 39 కిలోలు. అది గంటకు 62 వేల సార్లు బేరింగును చుట్టూరా గుద్దుతుంది. అప్పుడు బేరింగు పోక ఏమవుతుంది? కొత్తది వేసినా మళ్లీ అదే గతి.

అందుకే బ్లేడ్లను జతగానే మార్చాలి. ఒకటి అరిగిందని ఒకటే కొనడం పొదుపు కాదు. సానపట్టేటప్పుడు బరువైన దానిలోంచే ఎక్కువ తీసి, మళ్లీ తూచాలి. అంచును కత్తిలా పదును చేయనక్కర్లేదు, 1.5 మిల్లీమీటర్ల మందం ఉంచితే మేలు. గడ్డి తెగేది చాలావరకు వేగంతోనే. పలచటి అంచు మొదటి రాయికే పెచ్చులూడుతుంది. గ్రైండర్ కింద ఉక్కు నీలం రంగుకు తిరిగితే ఆ చోట గట్టిదనం పోయినట్టే. పగిలిన బ్లేడుకు వెల్డింగ్ పెట్టించడం నేను ఎవరికీ చెప్పను. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఆ ముక్క ఎగిరితే ఎవరికి తగులుతుందో ఎవరు చెప్పగలరు?

బ్లేడు నట్టు బిగింపు చాలా యంత్రాలకు 600 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. పానాకు మీటరు పైపు తొడిగి, చివర 60 కిలోల మనిషి తన బరువంతా మోపితే వచ్చే బిగువు అది. నట్టు అంత బిగిసినా బ్లేడు మాత్రం చేత్తో తోస్తే అటూ ఇటూ ఊగాలి. రాయి తగిలినప్పుడు వెనక్కి మడుచుకోవడానికే ఆ ఏర్పాటు. ఇవన్నీ యంత్రం కింద చేసే పనులు కాబట్టి హైడ్రాలిక్ మీద నమ్మకం పెట్టుకోకుండా దుంగలు ఆనించాలి, తాళం తీసి జేబులో వేసుకోవాలి.

గేర్ బాక్స్‌కు 90 నంబరు గేర్ ఆయిల్. కింది సీలు దగ్గర కారుతుంటే అక్కడ చుట్టుకున్న తీగనో ప్లాస్టిక్ తాడునో ముందు తీసి సీలు మార్చాలి. కారుతోంది కదా అని చక్రాల గ్రీజు కూరడం తప్పు. పళ్లు ఆ గ్రీజులో తమ దారి తొలుచుకుంటాయి. గ్రీజు గోడలకు అంటుకుని ఉండిపోతుంది, పళ్లు ఎండుగా ఒరుసుకుంటాయి. పీటీవోను స్లాషర్‌కు కలిపే షాఫ్టు క్రాసులకు ప్రతి 8 గంటలకు గ్రీజు కొట్టాలి. 10 ఎకరాల తోట కొట్టడానికి ఇంచుమించు పట్టే కాలం అదే.

షియర్ బోల్టు తరచూ తెగుతోందని గట్టిది వేసేవాళ్లున్నారు. బోల్టు తల మీద 4.6 అని ఉంటే ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 40 కిలోల లాగుడు వరకు ఓరుస్తుంది. 8.8 అయితే 80 కిలోలు. మొద్దుకు తగిలినప్పుడు బోల్టు తెగకపోతే ఆ దెబ్బ గేరు పళ్ల మీద పడుతుంది. కంపెనీ ఏ గ్రేడు చెప్పిందో అదే వేయాలి.

పాత స్లాషర్ బాగుచేయడానికి పూనుకోవచ్చనే ధైర్యం పీటీవో కొలతల వల్లే వస్తుంది. అమెరికా వ్యవసాయ ఇంజనీర్లు 1927లోనే పీటీవో వేగానికి ఒక ప్రమాణం పెట్టారు. 6 గాళ్లు, 35 మిల్లీమీటర్ల ఇరుసు, 540 చుట్లు ఇప్పటికీ చెల్లుతున్నాయి. పాత యంత్రం కొత్త ట్రాక్టరుకూ తగులుతుంది.

కానీ పాత యంత్రాల్లో ముందు మాయమయ్యేది షాఫ్టు మీది ప్లాస్టిక్ గొట్టం. 540 చుట్లంటే సెకనుకు 9. 6 సెంటీమీటర్ల లావున్న షాఫ్టు సెకనుకు 1.7 మీటర్ల గుడ్డను చుట్టేస్తుంది. భుజం మీది ఒకటిన్నర మీటరు తువ్వాలు మనిషి అరిచేలోపే అయిపోతుంది, వెనకే మనిషి వెళ్తాడు. బ్లేడ్ల కన్నా ముందు ఆ గొట్టం కొనండి. రెండు చివర్లా ఉండే సన్న గొలుసులను తప్పకుండా కట్టండి, లేకపోతే గొట్టం కూడా షాఫ్టుతో పాటే తిరుగుతుంది.