850 మాటల ఇంగ్లిష్

బేసిక్ ఇంగ్లిష్ అంటే 850 మాటలకు కుదించిన ఇంగ్లిష్. దీన్ని బ్రిటిష్ భాషావేత్త సి.కె. ఆగ్డెన్ 1930లో ప్రకటించాడు. ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు తొందరగా నేర్చుకుని, దేశాల మధ్య వ్యవహారానికి వాడుకోవాలన్నది ఆయన ఉద్దేశం. 1943లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ అప్పటి బ్రిటిష్ ప్రధాని చర్చిల్ దీన్ని గట్టిగా సమర్థించాడు.

మాటల జాబితా మొత్తం ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది. వస్తువులకు, భావాలకు పేర్లు 600. గుణాలను చెప్పేవి 150. వాక్యాన్ని నడిపించేవి 100. ఈ వందలో క్రియలు పద్దెనిమిదే: కమ్, గో, గెట్, గివ్, కీప్, లెట్, మేక్, పుట్, సీమ్, టేక్, బి, డు, హ్యావ్, సే, సీ, సెండ్, మే, విల్.

ఇంత తక్కువ క్రియలతో పని జరగడానికి కారణం పదబంధాలే. లోపలికి వెళ్లడానికి 'ఎంటర్' అక్కర్లేదు, 'గో ఇన్' చాలు. 'డిసెండ్' బదులు 'గో డౌన్' సరిపోతుంది. 'ట్రై' స్థానంలో 'మేక్ యాన్ అటెంప్ట్', 'డిసైడ్' స్థానంలో 'మేక్ ఎ డెసిషన్' వస్తాయి. పేర్లకూ ఇదే పద్ధతి: 'పప్పీ' అనకుండా 'యంగ్ డాగ్' అంటారు. నామవాచకానికి 'చేయు' చేర్చి ప్రయత్నం చేయడం అనే తెలుగువాళ్లకు 'మేక్' వాడుక సులువుగానే పట్టుబడుతుంది.

చిక్కంతా మరో రకం పదబంధాలతోనే. 'గో డౌన్' అర్థం అందులోని రెండు మాటల్లోనే ఉంది. 'గివ్ అప్' అలా కాదు. ఇవ్వడం, పైకి అనే అర్థాలను ఎంత కలిపినా మానుకోవడం అనే భావం రాదు. 'పుట్ అప్ విత్' అంటే భరించడం. మూడు మాటలూ జాబితాలోనివే, అర్థం మాత్రం మూడింటిలో దేనిలోనూ లేదు. నేర్చుకునేవాడు ఇలాంటివాటిని కొత్త మాటల్లాగే విడిగా గుర్తుపెట్టుకోవాలి. జాబితా చిన్నదైనంత మాత్రాన నేర్చుకునే భారం అంతే తగ్గదు. అందులో కొంత మాటల నుంచి పదబంధాలకు మారుతుంది.

విషయం బరువెక్కితే జాబితా కూడా పెరగాల్సి వచ్చింది. 1949లో పూర్తిగా వెలువడిన బేసిక్ ఇంగ్లిష్ బైబిల్‌కు 850 చాలలేదు. కవిత్వం కోసం 100, బైబిల్ విషయాల కోసం 50 చేర్చి, వెయ్యి మాటలతో అనువాదం ముగించారు. విజ్ఞానశాస్త్రానికీ అదనపు జాబితాలు తయారయ్యాయి.

బేసిక్ ఇంగ్లిష్ ప్రపంచ భాష కాలేదు, దాని వెనకున్న ఆలోచన మాత్రం నిలిచింది. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో సుమారు 1500 మాటలతో, నెమ్మదిగా చదివే వార్తలు మొదలుపెట్టింది. విమానాల మరమ్మతు పుస్తకాలకు 1980ల్లో సరళ సాంకేతిక ఇంగ్లిష్ వచ్చింది. ఇందులో ఒక మాటకు ఒకే అర్థం, ఒకే వాడుక ఉండాలన్నది ప్రధాన నియమం. 'టెస్ట్' ఇక్కడ నామవాచకం మాత్రమే, కాబట్టి పరీక్షించమని చెప్పాలంటే 'డు ఎ టెస్ట్' అని రాయాలి. సూచనను తప్పుగా అర్థం చేసుకుంటే విమానానికే ప్రమాదం కనుక ఈ కట్టుబాటు పెట్టారు.

కఠినమైన విషయాన్ని తేలిక ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఈ అనుభవం ఒక కొలత ఇస్తుంది. విడి మాటల అర్థాలు కలిపితే భావం తేలే పదబంధాన్ని ధైర్యంగా వాడవచ్చు. అలా తేలనిదాన్ని కొత్త మాటగానే లెక్కగట్టి, అర్థం చెప్పాకే వాడాలి. పదబంధం మరీ సాగిపోయి పాఠకుణ్ణి అలసిపోయేలా చేస్తుంటే, అసలు మాటనే ఒకసారి వివరించి అక్కడి నుంచి దాన్నే వాడుకోవడం మేలు.