ఆడబిడ్డ వాటాయే వర్తకమునకు మూలధనము

కృష్ణా గోదావరుల నడుమ కొల్లేటి నాశ్రయించి జీవించు ప్రాంతమున స్త్రీలకు వర్తకము క్రొత్త గాదు. లంక గ్రామముల నుండి చేపల తట్టలు నెత్తిన నిడుకొని వచ్చి ఏలూరు, కైకలూరు, ఆకివీడు వీథులలో నమ్ము స్త్రీలు తరతరములుగా వర్తకులే. బేరమాడుటయందును, అరువు రాబట్టుకొనుటయందును, రేపటి ధరను నేడే యూహించుటయందును వారికి ఒరులు నేర్పవలసిన దేమియు లేదు. ఐనను తట్టతో మొదలైన వర్తకము తట్టతోనే నిలిచిపోవుచున్నది. చెరువు కౌలు, మంచు కర్మాగారము, లారీ వచ్చిన చోట స్త్రీ పేరు అరుదగుచున్నది. దీనికి కారణము నేర్పు లేమి కాదు, మూలధనము లేమి. ఆ మూలధనము చట్టముచే లభించియు ఆమె చేతికి చిక్కకుండుటయే మిక్కిలి శోచనీయము.

కొల్లేటి చరిత్రయే ఇందుకు తార్కాణము. 1970 దశకమున ప్రభుత్వము సరస్సు గ్రామముల మత్స్యకారులకు సహకార సంఘముల ద్వారా చేపల చెరువుల నొసగెను. కాలక్రమమున నా చెరువులలో పెక్కులు పెట్టుబడి గల పైవారికి కౌలుకు పోయెను. శీలావతి, బొచ్చె చేపలు తట్టను వీడి మంచు పెట్టెలలో హౌరా విపణికి పయనము గట్టెను. 1999లో సరస్సు అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద గుర్తింపు వచ్చెను. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను తెగగొట్టిరి. ఇన్ని మార్పులలో లాభనష్టముల లెక్క పెట్టుబడిదారునిది. తట్ట మోయు స్త్రీకి మిగిలినది దినకూలి.

పొరుగున నున్న నరసాపురము లేసు కథయు నిట్టిదే. క్రైస్తవ మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దమున నేర్పిన యీ పని స్త్రీల వ్రేళ్ల నుండి సముద్రములు దాటి విదేశములకు పోయెను. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు 1982లో ప్రకటించిన గ్రంథమున నొక చేదు సత్యమును వెల్లడించెను. అల్లువారు స్త్రీలు, ఎగుమతి వ్యాపారులు పురుషులు. అల్లిన స్త్రీని కార్మికురాలుగా గాక, తీరిక వేళ నేదో చేయు గృహిణిగా నెంచుటచే నామె కూలి అత్యల్పమై నిలిచెను. ప్రపంచ వాణిజ్యమున పాల్గొనుట వేరు. అందు భాగస్వామిని యగుట వేరు.

ఈ భేదమును తెలిసికొనుటకు ఆఫ్రికా ఖండము వంక నొకపరి చూడవచ్చును. కాకినాడ రేవు నుండి మన బియ్యము బెనిన్, టోగో మున్నగు పశ్చిమాఫ్రికా దేశములకు ఓడల కెక్కుచున్నది. ఆ తీరపు అంగళ్లలో చిల్లర వర్తకము ప్రధానముగ స్త్రీలదే. టోగో రాజధాని లోమేలో అద్దకపు వస్త్రముల వ్యాపారముచే ఐశ్వర్యవంతులైన స్త్రీలను, వారెక్కిన బెంజి కార్లను బట్టి, ‘నానా బెంజ్’ లని పిలిచిరి. వారి రహస్యమేమి? కొన్ని కొన్ని అద్దకములను అమ్ముటకు ప్రత్యేక హక్కును వారు సంపాదించుకొనిరి. హక్కున్నది గనుక సరకు దొరకెను. సరకున్నది గనుక ధనము చేరెను. 1994లో అచటి నాణెము విలువ సగమునకు తగ్గించుటయు, పిదప చౌక చీనా వస్త్రములు వచ్చి పడుటయు వారి ప్రాభవమును క్రుంగదీసెను. నేడు ఆ ఖండపు మహిళా వ్యాపారులకు అవసరమై లభింపని ఋణము 4,200 కోట్ల డాలర్లని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అంచనా. ఖండాంతర స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడికకు అనుబంధముగ స్త్రీలకు, యువజనులకు ప్రత్యేక నిబంధనావళిని ఆఫ్రికా సమాఖ్య 2024 ఫిబ్రవరిలో ఆమోదించెను. దారి తెరచిన చాలదు, దారి బత్తెమును కావలెనని వారు గ్రహించిరి.

మనకు బ్యాంకులు లేవా, డ్వాక్రా సంఘములు లేవా యని కొంద రడుగవచ్చును. ఉన్నవి, వాని మేలును కాదనరాదు. 1992 నాటి సారా వ్యతిరేకోద్యమము పిమ్మట పొదుపు సంఘములు ఆంధ్రదేశమంతట వ్యాపించి పేద స్త్రీకి బ్యాంకు గడప చూపినవి. అయితే పూచీ లేకుండ సంఘమునకు లభించు ఋణమునకు 2021లో రిజర్వు బ్యాంకు విధించిన పరిమితి 20 లక్షల రూపాయలు. పదిమంది పంచుకొన్నచో తలకు రెండు లక్షలు. ఆ సొమ్ముతో తాడేపల్లిగూడెము టోకు విపణిలో ఉల్లిపాయలు కొని ఊరూర నమ్మవచ్చును. గిడ్డంగి కట్టుటకు గాని, మిల్లు పెట్టుటకు గాని చాలదు. అంతకు మించి కావలసిన స్త్రీని బ్యాంకు అడుగునది ఒక్కటే: నీ పేర భూమి యేది? లేనివారు అధిక వడ్డీల సూక్ష్మఋణ సంస్థల నాశ్రయించి చిక్కుల బడుటయు, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చుటయు పాఠకు లెఱిగినదే.

చట్టమున లోపము లేదు. సమష్టి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమభాగము నిచ్చుటలో ఆంధ్రప్రదేశమే దేశమునకు దారి చూపెను. 1985 సెప్టెంబరు 5 నుండి ఆ సవరణ అమలులోనికి వచ్చెను. 2005లో కేంద్రచట్టము దానిని దేశమంతటికి విస్తరింపజేసెను. ఆ హక్కు పుట్టుకతోనే సంక్రమించునని 2020 ఆగస్టు 11న సుప్రీం కోర్టు నిస్సంశయముగ తేల్చెను. అయినను 2015–16 వ్యవసాయ గణన ననుసరించి దేశమున సేద్యపు కమతములు గల వారిలో స్త్రీలు నూటికి 14 మంది మాత్రమే. చట్టమిచ్చిన దానిని హక్కు విడుదల దస్తావేజు హరించుచున్నది. తండ్రి గతించిన పిదప అన్నదమ్ములు కాగితము ముందుంచుదురు. పుట్టింటి రాకపోకలు తెగునను భయముచే ఆడపడుచు సంతకము చేయును. పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన పొలమునకైనను దస్తావేజున పేరామెది, పెత్తనము భర్తది.

కట్నమిచ్చితిమి గదా యని పెద్ద లందురు. కట్నము 1961 చట్టముచే నిషిద్ధము. అదియు నత్తవారి చేతికి పోవునే గాని ఆమె చేతికి రాదు. భూమి ముక్కలగునందురు. నలుగురు కుమారులున్న యింట ఈ శంక ఏల కలుగదు? పంచుకొన్న భూమిని ఒకే కౌలుదారు దున్నవచ్చును, సేద్యము చెడదు. హక్కు పత్రము మాత్రము నాలుగు కుటుంబములకు పరపతి యగును.

కావున ఏలూరు, తాడేపల్లిగూడెముల భూస్వాములకును, వర్తక ప్రముఖులకును మా మనవి యిది. కుమార్తె వాటాను బ్రతికియుండగనే ఆమె పేర రిజిస్టరు చేయించి, పట్టాదారు పాసు పుస్తకమును ఆమె చేతికే ఇండు. సోదరి యెదుట విడుదల పత్రము నుంచకుడు. వర్తక సంఘములలో ఆమెను సభ్యురాలిగ చేర్చుకొనుడు. ధాన్యలక్ష్మి యని, ధనలక్ష్మి యని పూజించు ఇంట ఆడుబిడ్డకు సెంటు నేల లేకుండుట మన మర్యాదకు తగదు. తట్ట మోయగల తలకు గిడ్డంగి తాళపుచెవి బరువు కాదు.