ఎర పెట్టినా వేటే!

కోడుమూరు: వేరుశనగ కాయ ఊరే రోజులు వచ్చాయంటే ఈ ప్రాంత రైతుకు కంటిమీద కునుకుండదు. పగలంతా చేనిలో కష్టించి, రాత్రి మళ్లీ టార్చిలైటు, దుప్పటి పట్టుకొని కాపలాకు వెళ్లాలి. అడవిపందుల గుంపు ఒక్కసారి పొలంలో పడిందంటే తెల్లవారేసరికి సాళ్లన్నీ పెళ్లగించి పోతుంది. జిల్లా పశ్చిమ మండలాల్లో దీనికి తోడు కృష్ణజింకల బెడద. ఈ కష్టంలోంచే ఒక ప్రమాదకరమైన అలవాటు పుట్టింది. గట్టు వెంట ఉచ్చులు బిగించడం, కరెంటు తీగ లాగడం, తినుబండారంలో పేలుడు మందు దాచి ఎరగా పెట్టడం. జంతువు చచ్చాకే కదా కేసు, ఎర పెట్టినంత మాత్రాన ఏమవుతుందిలే అన్న ధీమా చాలామందిలో ఉంది. చట్టం అలా చెప్పడం లేదు.

ఎర కూడా నిర్వచనంలోనే..

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులోని రెండో సెక్షన్ ‘వేట’ అనే మాటకు ఇచ్చిన అర్థం సామాన్యులు అనుకునే దానికంటే చాలా విస్తృతమైనది. చంపడం, విషం పెట్టడం మాత్రమే వేట కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, బోనులో బంధించడం, తరమడం, ఎర పెట్టడం కూడా వేటే. అంతటితో ఆగలేదు. వీటిలో దేనికి ప్రయత్నించినా వేట కిందికే వస్తుందని స్పష్టంగా రాశారు. అంటే రాత్రి పెట్టిన ఎర తెల్లవారేదాకా ఏ జంతువూ ముట్టకపోయినా నేరం జరిగినట్టే.

శిక్ష జంతువును బట్టి మారుతుంది. ఎలుగుబంటి, చిరుత, కృష్ణజింక, నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వీటి విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం రూ.25 వేల జరిమానా తప్పవు. 2022లో చేసిన సవరణకు ముందు ఈ కనీస జరిమానా రూ.10 వేలే. అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. దాన్ని అనుమతి లేకుండా వేటాడితే మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. పాలు పంచుకొని మాంసం ఇంటికి తెచ్చుకున్నవారు సైతం కేసులో ఇరుక్కునేది ఇందువల్లే.

అక్కడ అనుమతి.. ఇక్కడ చెర

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇదే పని లైసెన్సుతో సాగుతుంది. అక్కడి నల్ల ఎలుగు శీతాకాలమంతా గుహలో నిద్రపోతుంది. అందుకే ఆకురాలు కాలంలో దానికి అంతులేని ఆకలి. దొరికిందల్లా తిని కొవ్వు పెంచుకుంటుంది. వేటగాళ్లకు కావలసింది కూడా ఆ ఆకలే. పాచిపోయిన రొట్టెలు, తీపి పిండివంటలు, మాంసం ముక్కలు పీపాల్లో నింపి అడవిలో పెడతారు. ఎలుగు అక్కడికి రావడం అలవాటయ్యాక, సీజన్ తెరవగానే చెట్టుమీది మంచెపై కూర్చొని కాలుస్తారు. మెయిన్ రాష్ట్రంలో ఆగస్టు చివర సీజన్ మొదలవుతుంది. దానికి నెల రోజుల ముందు నుంచే ఎర పెట్టుకోవచ్చు. ఇది న్యాయమైన వేటేనా అన్న తగవు అక్కడా ఉంది. కొలరాడో ఓటర్లు 1992లో ఈ పద్ధతిని నిషేధించారు. మెయిన్‌లో 2004లో, మళ్లీ 2014లో నిషేధంపై ఓటింగ్ జరిగినా రెండుసార్లూ ప్రతిపాదన వీగిపోయింది.

మన దేశంలో ఆ తగవుకు తావే లేదు. దున్నపోతును కట్టేసి మంచెమీద నుంచి పులిని కాల్చిన దొరల కాలం ఎప్పుడో ముగిసింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. ఇక్కడ వేటకు సీజన్ అంటూ ఏదీ లేదు.

పందికి పెడితే ఎలుగుకు..

కోడుమూరు మెట్ట సేద్యపు నేల. ఇక్కడ ఎలుగులెక్కడివని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఎలుగులకు నెలవైన నల్లమల 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత నంద్యాల వైపు వెళ్లింది. కానీ రాయలసీమలో ఎలుగు అడవికే పరిమితమైన జంతువు కాదు. బండరాళ్ల గుట్టలున్న చోటల్లా, ముఖ్యంగా అనంతపురం వైపు, దాని సంచారం ఉంది. పగలు గుట్టల సందుల్లో పడుకొని చీకటి పడ్డాక నీటికి, తిండికి చేలమీదికి దిగుతుంది.

దాని చూపు అంతంతమాత్రం. ముక్కు మాత్రం అమోఘం. పుట్టలోని చెదపురుగులను వాసనతోనే పసిగడుతుంది. గోళ్లతో పుట్టను తవ్వి, దుమ్ము ఊది, పురుగులను చప్పుడు చేస్తూ పీల్చుకుంటుంది. ఆ పనికి వీలుగా దాని పైదవడలో ముందరి రెండు పళ్లు పుట్టుకతోనే ఉండవు. రేగు, నేరేడు, ఈత పండ్లు, తేనె దానికి ప్రాణం. కర్ణాటకలో హంపీ దగ్గర 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం పేరు పొందింది ఈ తీపి మీది మోజు వల్లే. అటవీ సిబ్బంది బండలకు బెల్లం, తేనె కలిపిన పాకం పూస్తే గుట్టలు దిగివచ్చి నాకే ఎలుగులను సందర్శకులు దూరంగా గోపురంమీద నుంచి చూసేవారు. అదీ ఎరే, కాకపోతే చూసి మురియడానికి.

ఇంతటి ముక్కున్న జంతువుకు గట్టున పెట్టిన ఉండ పంది కోసమని ఎవరు చెప్పాలి? పేలుడు ఎర కొరికిన జంతువు అప్పటికప్పుడు చావదు. దవడ చీలిపోయి, తినలేక, నీళ్లు తాగలేక రోజుల తరబడి అల్లాడుతుంది. అది తల్లి ఎలుగైతే మరీ ఘోరం. పిల్లలు దాదాపు రెండేళ్లు తల్లి వెంటే ఉంటాయి, చిన్నతనంలో దాని వీపుమీదే తిరుగుతాయి. తల్లి పోతే అవి బతకవు. కేరళలో 2020 మే నెలలో పేలుడు పదార్థం నింపిన కాయను కొరికిన గర్భిణి ఏనుగు నదిలో నిలబడే ప్రాణం విడిచిన సంగతి దేశమంతా విన్నదే. అది కూడా పందుల కోసం పెట్టిన ఎరేనని అప్పట్లో చెప్పారు.

అడవి జంతువుల మాట అటుంచి, గట్టుమీది ఉండను ముందుగా పసిగట్టేది ఊరి కుక్క. తర్వాత మేతకు తోలిన బర్రె. బంతి అనుకొని చేతిలోకి తీసుకునే పిల్లవాడూ ఉండవచ్చు. కరెంటు తీగ సంగతీ అంతే. చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లి, పక్క చేనివాడు లాగిన తీగకు బలైన రైతుల వార్తలు మన రాష్ట్రంలో కొత్త కాదు. అప్పుడు నమోదయ్యేది వన్యప్రాణి కేసు ఒక్కటే కాదు, మనిషి చావు కేసు కూడా.

మరి రైతు గతి?

రైతు బాధ అబద్ధం కాదు. పంట పోయినవాడికి సెక్షన్లు చదివి వినిపిస్తే కడుపు నిండదు. చట్టంలోనే దీనికి కొంత వెసులుబాటు ఉంది. పంటను పాడుచేసే రెండో షెడ్యూల్ జంతువు విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా కారణాలు చూపి వేటకు అనుమతించవచ్చు. పదకొండో సెక్షన్ చెప్పేది ఇదే. ఎలుగుకు ఈ వెసులుబాటు వర్తించదు. అది మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారినప్పుడో, కోలుకోలేని గాయం, జబ్బు ఉన్నప్పుడో మాత్రమే, అదీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతితోనే. మీదపడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకునే క్రమంలో అది చనిపోతే నేరం కాదు.

పంట పాడైతే వెంటనే ఫొటోలు తీయించి, పాదముద్రలు చెరిగిపోకముందే అటవీ బీట్ అధికారికి, గ్రామ సచివాలయానికి తెలపాలి. పరిహారం అడగాలంటే పరిశీలన నివేదికే ఆధారం. ఆలస్యమైతే ఏ జంతువు తిన్నదో తేల్చడమే కష్టమవుతుంది. నలుగురైదుగురు రైతులు వంతుల వారీగా కాపలా కాయడం, డప్పులు, లైట్లు వాడటం పాత పద్ధతులే అయినా ఇప్పటికీ పనికొస్తాయి. ఒకే చోట రోజూ ఒకే చప్పుడైతే పందులు అలవాటు పడతాయి గనుక చోటూ చప్పుడూ మారుస్తుండాలి.

ఎలుగు తిరిగే గుట్టల పక్కన నడిచేవారు చీకట్లో మాట్లాడుకుంటూ వెళ్లడం మేలు. అది ఎక్కువగా దాడి చేసేది, మనిషి ఉన్నట్టుండి అతి దగ్గరగా ఎదురైనప్పుడే. కుళ్లిన పండ్లు, కోళ్ల వ్యర్థాలు ఊరి పొలిమేరల్లో పోయడం కూడా మానుకోవాలి. తెలియకుండా పెట్టినా జంతువుకు అదీ ఎరే. ఎక్కడైనా ఉచ్చు గానీ అనుమానాస్పదమైన ఉండ గానీ కనిపిస్తే చేత్తో ముట్టకుండా, పశువులను, పిల్లలను దూరంగా ఉంచి పోలీసులకు లేదా అటవీ సిబ్బందికి చెప్పాలి.