మీకు తెలుసా? కొండెక్కిన మైకుల కథ

మా ఇంట్లో పుస్తకాల బీరువా కింది అరలో పదకొండు మైకులున్నాయి. నేను పాడేవాణ్ని కాదు, ఉపన్యాసాలిచ్చేవాణ్నీ కాదు. కొందరు స్టాంపులు పోగేస్తారు, నేను వీటిని పోగేశాను. ఏటా వానలు వెనకబట్టాక రెండు మూడింటిని సంచిలో వేసుకుని విశాఖ నుంచి అరకు ఘాటెక్కుతాను. అక్కడ తగిలిన సంగతులు కొన్ని, చదివి తెలుసుకున్నవి కొన్ని చెబుతాను.

మన ఊళ్లలో ‘మైకు’ అంటే వేపచెట్టు కొమ్మకు కట్టి అరిపించేది, వినేది కాదు. ఈ తారుమారును మరీ తప్పుపట్టలేం, తెలుసా? మామూలు డైనమిక్ మైకులో ఒక పల్చటి పొర, దానికి అంటించిన తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉంటాయి. శబ్దం తగిలి పొర కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. అదే చుట్టకు మనం కరెంటిస్తే పొర కదిలి శబ్దం పుడుతుంది. అప్పుడది స్పీకరు. పాత ఇంటర్‌కమ్‌లలో ఒకే స్పీకరు చెవిగానూ నోరుగానూ పనిచేసేది. ఇక ‘మైక్రోఫోన్’ అన్న పేరును 1827లో చార్లెస్ వీట్‌స్టన్ వాడినప్పుడు అందులో కరెంటే లేదు. సన్నని చప్పుళ్లను చెవికి చేరవేసే లోహపు కడ్డీల పరికరం అది.

గాంధీ, నెహ్రూల పాత సభల ఫొటోల్లో మైకు మీద ‘చికాగో రేడియో’ అన్న పలక చూసే ఉంటారు. అమెరికా కంపెనీ అనుకునేరు! బొంబాయిలో మోత్వానే కుటుంబం నడిపిన సంస్థ అది.

ఉప్పుతో చేసిన మైకు ఉంటుందని తెలుసా? నా సేకరణలో అన్నిటికంటే చవగ్గా దొరికింది అదే. లోపల ఉండేది రోషెల్ ఉప్పు, అంటే పొటాషియం సోడియం టార్ట్రేట్ స్ఫటికం. దాన్ని కాస్త వంచితే చాలు, కరెంటు పుడుతుంది. వేరే బ్యాటరీ అక్కర్లేదు. ఒకప్పుడు ఇళ్లలో వాడే టేప్‌రికార్డర్ల వెంట ఇలాంటి క్రిస్టల్ మైకులే వచ్చేవి. కానీ ఉప్పు ఉప్పే కదా! తేమ తగిలితే చెమర్చి కరుగుతుంది. వేడి 55 డిగ్రీలు దాటితే స్ఫటికం చెడిపోతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఆ వేడి తేలిగ్గా వస్తుంది. నా మైకు కింద ఎండకూ పైన మంచుకూ రెండింటికీ చిక్కింది. అరకులో తీసి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. దీపం కొండెక్కడం విన్నాం గానీ, మైకు కొండెక్కడం అప్పుడే చూశాను.

ఖరీదైన కండెన్సర్ మైకుకూ తేమంటే పడదు. అందులో కొద్ది మైక్రాన్ల మందం పొర, దాని వెనక వెంట్రుకంత సందులో ఒక పలక, రెండింటి మధ్యా విద్యుదావేశం ఉంటాయి. చలిగదిలోంచి తీసిన కళ్లద్దాల మీద పట్టినట్టే దాని మీదా చెమ్మ పడుతుంది. ఆవేశం కారిపోయి రికార్డింగు నిండా పేలాలు వేగుతున్న చప్పుడు మిగులుతుంది. దీనికి విరుగుడుగా అధిక పౌనఃపున్యపు సర్క్యూట్‌తో పనిచేసే కండెన్సర్లూ వచ్చాయి. వానకారు అడవుల్లో తిరిగే రికార్డిస్టులు వాటినే నమ్ముకుంటారు. వాటి ధర విన్నాక నేను గాలి చొరని స్టీలు డబ్బా, నాలుగు సిలికాజెల్ పొట్లాలతో సరిపెట్టుకున్నాను.

అనంతగిరి నుంచి అరకు వెళ్లే దారిలో గాలికొండ ఉంది. పేరులోనే హెచ్చరిక ఉన్నా రిబ్బన్ మైకు పట్టుకుని దిగాను. రిబ్బన్ అంటే అయస్కాంతపు ధ్రువాల మధ్య వేలాడే సన్నని అల్యూమినియం రేకు. మనం గట్టిగా ఊదినా సాగిపోతుంది. కొండగాలికి ఎంతసేపు నిలుస్తుంది? బయట వాడే మైకులకు వేసే బొచ్చు తొడుగును విదేశాల సౌండ్ రికార్డిస్టులు ‘చచ్చిన పిల్లి’ అంటారని అప్పటికి నాకు తెలీదు. ఇప్పుడు నా సంచిలో అలాంటి పిల్లులు రెండున్నాయి.

మనం ‘గుఱ్ఱం’ అని బండి ఱ రాసినా పలికేది మామూలు ర కారమే. ఆ రెండు ర ల తేడాను ఈ కొండల్లోని ఒక భాష నిలుపుకుందని తెలుసా? అది కొండదొరల ‘కొండ’ భాష, ‘కూబి’ అనీ అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి దాని మీద 1969లో ఒక గ్రంథమే వెలువరించారు. కంపించే ర పలికేటప్పుడు నాలుక కొస సెకనుకు పాతిక సార్లకు అటూఇటుగా కొట్టుకుంటుంది. నాసిరకం మైకు ఆ కొట్టుకోవడాన్ని అలికేస్తుంది. ఇక్కడి గదబ తెగ సంగతి ఇంకా తమాషా. ఒకే పేరు కింద రెండు వేర్వేరు కుటుంబాల భాషలున్నాయి. గుతోబ్ ముండా భాష, ఒల్లారి ద్రావిడ భాష. అసలు మైకన్నదే లేకుండా పర్లాకిమిడిలో సవర భాష నేర్చిన గిడుగు రామమూర్తిగారు 1931లో దాని వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఆయన చెవి ముందు నా పదకొండూ దిగదుడుపే.

ఈ కొండల గిరిజనుల థింసా నృత్యాన్ని రికార్డు చేయడం చెప్పినంత సులువు కాదు. వాద్యగాళ్ల పక్కన మైకు పెడితే డప్పూ తుడుమూ కలిసి ఊదే మోరిని మింగేస్తాయి. దూరం పెడితే అందెల చప్పుడు వినబడదు. నడిమధ్య పెడితే బాగుంటుందనుకున్నాను. చేతులు వెనక్కి కలిపి పట్టుకున్న ఆడవాళ్ల గొలుసు మైకు చుట్టూ తిరుగుతుంటే అందెలు దగ్గరవుతూ దూరమవుతూ అద్భుతంగా పడ్డాయి. అంతలో ఆ గొలుసు పాములా చుట్టలు చుట్టుకుంటూ లోపలికొచ్చి స్టాండును పడేసింది. అదృష్టం కొద్దీ ఆ రోజు పెట్టింది ఎస్ఎం58. 1966 నుంచి వస్తున్న మోడలు, కిందపడటం దానికి కొత్త కాదు. జాలీ సొట్టపోయింది, రికార్డింగు ఆగలేదు. ఆ చివర వినబడే నవ్వులే నాకు అన్నిటికంటే ఇష్టం.

నేటికీ నిలిచి ఉన్న పక్షి రికార్డింగుల్లో అన్నిటికంటే పాతది మన పిట్టదే! 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడు పంజరంలోని షామా పిట్ట పాటను ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌లో మైనపు గొట్టం మీద ఎక్కించాడు. పొడవాటి తోక, తుప్పురంగు పొట్ట ఉండే ఆ షామా తూర్పు కనుమల్లోనూ ఉంది. దాని పాటకు నేను రెండడుగుల వెడల్పు పరావలయపు గిన్నె వాడతాను. గిన్నె మధ్యలో మైకు పెడితే దూరపు కూత దగ్గరికొస్తుంది. అయితే గిన్నె వెడల్పు కంటే పెద్ద అలలను అది పట్టలేదు. 600 హెర్ట్జ్ శబ్దపు అల దాదాపు 57 సెంటీమీటర్లు. అంతకంటే బొంగురుగా కూసే జెముడుకాకి ముందు గిన్నె ఉన్నా లేనట్టే. పాట మంచి పట్టులో ఉండగా బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండి వచ్చిందా, ఇక ఆ పూటకు గిన్నె మూసేయాల్సిందే. సొరంగం తర్వాత సొరంగం దాటుతూ దాని మోత తరుగుతుంది, పెరుగుతుంది, పూర్తిగా పోవడానికి చాలాసేపు పడుతుంది.

1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ విద్యుదావేశాన్ని తనలోనే ఏళ్ల తరబడి దాచుకునే పల్చటి పొరతో ఎలక్ట్రెట్ మైకు చేశారు. దాంతో మైకు బఠాణీ గింజంత అయింది, చవకైంది. ఇప్పుడు ఫోన్లలో సిలికాన్ మీద చెక్కిన, అంతకంటే చిన్న మైకులు ఒక్కోదాంట్లో రెండు, మూడు ఉంటున్నాయి. సంత రోజున అరకులో పసుపు కొమ్ములు బేరమాడుతున్న పదిమందిని లెక్కేస్తే చాలు, నా బీరువా ఓడిపోతుంది.