ఆగిన జన్యువు మళ్ళీ పనిచేస్తే...

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్తే, కోయ గూడేల్లో సికిల్ సెల్ జబ్బు కనిపిస్తుంది. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ తొలి అయిదారు నెలలు మామూలుగానే ఉంటుంది. ఆ తర్వాతే చేతులు, కాళ్ళ వాపు, ఒళ్ళు నొప్పులు, రక్తహీనత మొదలవుతాయి. లోపం పుట్టుకతోనే ఉన్నా జబ్బు ఇంత ఆలస్యంగా ఎందుకు బయటపడుతుంది? జన్యువు పని ఎలా మొదలవుతుందో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

జన్యువులోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీయడాన్ని అనులేఖనం అంటారు. మన కణాల్లో ప్రోటీన్ల జన్యువులను నకలు తీసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2. ఎక్కడ మొదలుపెట్టాలో దానంతట అది గుర్తించలేదు. జన్యువు ముందు ప్రమోటర్ అనే భాగం ఉంటుంది. కొన్ని జన్యువుల్లో, నకలు మొదలయ్యే చోటికి 25-30 అక్షరాల ముందు, ‘టాటా బాక్స్’ అనే వరుస ఉంటుంది. టీబీపీ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని డీఎన్‌ఏను వంచుతుంది. మరికొన్ని ప్రోటీన్లు వచ్చి చేరాక పాలిమరేజ్ అక్కడ కుదురుకుంటుంది. టీఎఫ్‌-2హెచ్ అనే ప్రోటీన్ల కూటమి డీఎన్‌ఏ రెండు పోగులను విడదీయగానే నకలు మొదలవుతుంది. దూరంగా ఉండే ఎన్‌హాన్సర్లు అనే డీఎన్‌ఏ భాగాలు ఈ పని జోరును పెంచుతాయి. హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ ప్రోటీన్ జన్యువు టాటా బాక్స్‌లో ఒక్క అక్షరం మారినా నకళ్ళు తగ్గి తలసేమియా అనే రక్తహీనత జబ్బు రావచ్చు.

సికిల్ సెల్‌లో లోపం ప్రమోటర్‌లో కాదు, బీటా జన్యువు లోపలే ఉంది. గర్భంలోని శిశువు మాత్రం బీటాకు బదులు గామా గ్లోబిన్‌తో నెట్టుకొస్తుంది. పుట్టాక బీసీఎల్‌11ఏ అనే ప్రోటీన్ గామా జన్యువు ప్రమోటర్‌పై చేరి దాన్ని క్రమంగా ఆపేస్తుంది. బీటా వంతు వస్తుంది, దానితో జబ్బూ వస్తుంది.

2023లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన క్యాస్‌జెవీ చికిత్స గామా జన్యువుకు పడిన ఈ తాళాన్నే తీస్తుంది. రోగి రక్త మూలకణాల్లో బీసీఎల్‌11ఏ జన్యువు ఎన్‌హాన్సర్‌ను కత్తిరిస్తారు. ఆ ప్రోటీన్ తగ్గగానే గామా జన్యువు మళ్ళీ పనిలో పడుతుంది. అమెరికాలో దీని ధర సుమారు 22 లక్షల డాలర్లు. గూడెంలోని బిడ్డకు అది నేడు అందదు. కానీ గామా గ్లోబిన్ ఉండే గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా మాత్ర చవకైనదే. డాక్టరు పర్యవేక్షణలో క్రమం తప్పక వాడితే నొప్పుల దాడులు తగ్గుతాయి.

సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ 2023 జూలై 1న మొదలైంది. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో లోపపు జన్యువును మోసే వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. కాబట్టి పెళ్ళికి ముందే ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి. జబ్బు ఉన్న బిడ్డకు మందు మానిపించకండి.