తలుపు పంపే కబురు



చేనుకి కాపలా పడుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అడవిపంది వచ్చే దారికి అడ్డంగా తాడు కట్టి, ఆ తాడుకి ఖాళీ డబ్బాలు వేలాడదీస్తాం గదా. పంది వచ్చి తాడుకి తగిలిందంటే డబ్బాలు గలగలమంటాయి. మంచె మీద పడుకున్న మనిషి లేచి కేకలేస్తాడు. ఇందులో మూడు సంగతులున్నాయి చూడండి. తాడు కదలికని పట్టుకుంటుంది. డబ్బా కబురు చెప్తుంది. మనిషి విని లేస్తాడు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా చేను పోయినట్టే.

ఇప్పుడు పట్నాల్లో ఇళ్ళ తలుపులకీ కిటికీలకీ పెడుతున్న ‘సెన్సర్’ కూడా ఇట్లాంటిదే. తలుపు తీస్తే చాలు, ఇంటివాళ్ళు ఎక్కడున్నా వాళ్ళ సెల్‌ఫోనుకి కబురు వెళ్తుంది. తలుపు నుంచి ఎక్కడికీ తీగ ఉండదు. లైట్లు, ఫ్యాన్లు, తలుపులు ఇట్లా ఫోనుతో మాట్లాడే ఇంటిని ‘స్మార్ట్ హోమ్’ అంటున్నారు. ఆ సెన్సర్ ఎలా పనిచేస్తుంది, ఎలా బిగించాలి, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అనే మూడు విషయాలు ఈ వ్యాసంలో చెప్తాను.

లోపల ఏముంది?

సెన్సర్ రెండు ముక్కలుగా ఉంటుంది. చిన్న ముక్కలో ఒక అయస్కాంతం తప్ప ఇంకేమీ ఉండదు. పెద్ద ముక్క సుమారు అగ్గిపెట్టె అంత ఉంటుంది. అందులో ఒక బ్యాటరీ, ఒక బుల్లి రేడియో, ఒక స్విచ్చి ఉంటాయి. అసలు పని అంతా ఆ స్విచ్చిదే. చాలా సెన్సర్లలో వాడేది ‘రీడ్ స్విచ్’. దీన్ని 1936లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ అనే ఇంజనీరు కనిపెట్టాడు.

రీడ్ స్విచ్ అంటే సన్నని గాజు గొట్టం. దానిలో ఇనుము, నికెల్ కలిపిన లోహంతో చేసిన రెండు పల్చటి రేకులు ఎదురెదురుగా ఉంటాయి. రెండు చివర్ల మధ్య చాలా కొద్ది సందు ఉంటుంది. అయస్కాంతం దగ్గరికి వస్తే ఆ రెండు రేకులూ తామే అయస్కాంతాలై ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కుంటాయి. సైన్సు పాఠంలో చదివిన అయస్కాంత ప్రేరణ ఇదే. అయస్కాంతం దూరం పోగానే స్ప్రింగులాగా వెనక్కి వచ్చేస్తాయి. తుప్పు పట్టకుండా గొట్టంలో నైట్రోజన్ వంటి వాయువు నింపి మూతి మూసేస్తారు.

తలుపు మూసి ఉంటే అయస్కాంతం పక్కనే ఉంటుంది, రేకులు కలిసి ఉంటాయి. తలుపు తీస్తే విడిపోతాయి. అంతే! ఆ పరికరానికి తలుపు అంటే తెలీదు, దొంగ అంటే తెలీదు. అయస్కాంతం దగ్గరుందా, దూరం పోయిందా అన్న ఒక్క ముక్కే దానికి తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తీగ లేకుండా కబురు ఎలా?

రేకులు విడిపోగానే లోపలి రేడియో నిద్రలేచి ‘తెరిచారు’ అని చిన్న సందేశం పంపి మళ్ళీ పడుకుంటుంది. ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది కాబట్టి రూపాయి బిళ్ళలాంటి 3 వోల్టుల బ్యాటరీతోనే ఏడాది, రెండేళ్ళు నడిచేస్తుంది.

ఈ రేడియో భాషల్లో ఒకదాని పేరు ‘జిగ్‌బీ’. తేనెటీగ పువ్వులున్న చోటు చూసొచ్చి, వంకరటింకరగా నాట్యమాడి మిగతా ఈగలకి దారి చెప్తుంది. ఆ నాట్యం మీదనే ఈ పేరు పెట్టారు. జిగ్‌బీకి ఆధారమైన ప్రమాణాన్ని ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ 2003లో ప్రచురించింది. ఇది ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. అంటే సెకనుకి 240 కోట్ల కంపనాలు! వై-ఫై కూడా ఈ దారినే వాడుతుంది.

సెన్సర్ కబురు నేరుగా ఫోనుకి పోదు. ఇంట్లో ‘హబ్’ అనే చిన్న పెట్టె ఉంటుంది. అది సెన్సర్ మాట విని, ఇంటర్నెట్ ద్వారా ఫోనుకి చేరవేస్తుంది. హబ్ దూరమైతే మధ్యలో ప్లగ్గుకి పెట్టిన స్మార్ట్ పరికరాలు కబురు అందుకుని ముందుకి పంపుతాయి. బావి దగ్గర నుంచి బిందెలు చేతులు మార్చుకున్నట్టు అన్నమాట. ఐతే బ్యాటరీతో నడిచే సెన్సర్లు మాత్రం ఇంకొకరి బిందె మొయ్యవు. వాటికి అంత బలం లేదు.

బిగించే పద్ధతి

మా పెదనాన్న కొడుకు విశాఖపట్నంలో ఇట్లాంటివి బిగించే పని చేస్తాడు. సెలవుల్లో అన్నయ్యతో పాటు వెళ్ళి చూసి, రాసుకొచ్చిన వరస ఇది.

1. కొనేముందు సెన్సర్ భాష, హబ్ భాష ఒకటేనా అని పెట్టె మీద చూడాలి. రెండూ వేరైతే డబ్బు దండగ. వేర్వేరు కంపెనీల సామాన్లు కలిసి పనిచెయ్యాలని 2022లో ‘మ్యాటర్’ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. ఐనా చూసుకుని కొనడమే మంచిది.

2. గోడకి అంటించకముందే హబ్‌తో జత చెయ్యాలి. సెన్సర్‌ని హబ్ దగ్గరికి తెచ్చి, బ్యాటరీకి అడ్డం పెట్టిన ప్లాస్టిక్ రేకు లాగెయ్యాలి. ఫోనులో ‘కొత్త పరికరం చేర్చు’ అన్నది నొక్కి, సెన్సర్ మీటని కాగితంలో చెప్పినట్టు నొక్కాలి. చాలావాటికి దీపం మిణుకుమనేదాకా కొన్ని సెకన్లు నొక్కి ఉంచాలి.

3. దానికి పేరు పెట్టాలి. ‘సెన్సర్ 1’, ‘సెన్సర్ 2’ అని పెడితే అర్ధరాత్రి ఏది ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? ‘వీధి తలుపు’, ‘వంటింటి కిటికీ’ అని పెట్టాలి.

4. చోటు ఎంచుకోవాలి. పెద్ద ముక్క గుమ్మానికి, అయస్కాంతం తలుపు రెక్కకి పెట్టడం మామూలు పద్ధతి. బందులున్న వైపు పెట్టకూడదు. అక్కడ తలుపు కొద్దిగా తీసినా అయస్కాంతం కదిలేది చాలా తక్కువ. గడియ ఉన్న వైపు పెడితే కొంచెం తీసినా తెలిసిపోతుంది.

5. తలుపు మూసినప్పుడు రెండు ముక్కల మధ్య సందు సుమారు ఒక సెంటీమీటరు లోపు ఉంటే మేలు. ఎంతవరకు ఉండొచ్చో సెన్సర్‌తో ఇచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. రెండు ముక్కల మీదా గీత గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా రావాలి.

6. ఇనప తలుపైతే జాగ్రత్త. ఇనుము అయస్కాంత బలాన్ని తనవైపు తిప్పేసుకుంటుంది, రేడియో తరంగాలకీ అడ్డం పడుతుంది. కింద చిన్న చెక్కముక్క పెట్టి దాని మీద అంటిస్తే కొంత నయం.

7. ముందు దుమ్ము తుడిచి, ఆరనిచ్చి, రెండువైపులా జిగురున్న టేపుతో గట్టిగా నొక్కి అంటించాలి. సున్నం వేసిన గోడకి టేపు నిలవదు, సున్నంతో సహా ఊడొస్తుంది.

8. ఆఖరిది పరీక్ష. తలుపు పదిసార్లు తీసి మూయాలి. పదిసార్లూ ఫోను సరిగ్గా చెప్పాలి. తొమ్మిదిసార్లు చెప్పి ఒకసారి చెప్పకపోయినా చోటు మార్చాల్సిందే.

తర్వాత ఫోనులో నియమం రాయాలి. ‘రాత్రి 10 దాటాక వీధి తలుపు తెరిస్తే గంట మోగించు’, ‘బాల్కనీ తలుపు అయిదు నిమిషాలు తెరిచే ఉంటే చెప్పు’ అని. మతిమరుపు వచ్చిన ముసలివాళ్ళు రాత్రిపూట తెలీక బయటికి వెళ్ళిపోయే ఇళ్ళలో, చిన్నపిల్లలున్న మేడ ఇళ్ళలో ఇట్లాంటి నియమం ప్రాణం కాపాడగలదు.

ఒక హెచ్చరిక: బిళ్ళ బ్యాటరీ చిన్నపిల్లల చేతికి అందకూడదు. మింగితే గొంతు దిగే దారిలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మన హాస్టల్లో చిన్న తరగతుల పిల్లలున్నారు కాబట్టి ఇది మరీ గట్టిగా చెప్తున్నాను. ఎవరైనా మింగితే ఏడుపు ఆగేదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అది చెప్పనివి

సెన్సర్‌కి అయస్కాంతం సంగతి తప్ప ఇంకేమీ తెలీదని ముందే చెప్పాను. అందుకని అది చెప్పలేనివి చాలా ఉన్నాయి. తలుపు తీసింది అమ్మా, దొంగా అన్నది చెప్పదు. దగ్గరగా వేసిన తలుపుకి గడియ పెట్టారో లేదో చెప్పదు. కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దూరినా, రెక్క కదలకపోతే నోరు మెదపదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు దాని మౌనం. ఫోను మోగలేదంటే తలుపు తియ్యలేదనే అనుకుంటాం. కానీ బ్యాటరీ అయిపోయినా మోగదు, కరెంటు పోయి హబ్ ఆగినా మోగదు, టేపు ఊడి సెన్సర్ కింద పడి హబ్‌కి అందకుండా పోయినా మోగదు. మంచి సెన్సర్లు అప్పుడప్పుడు ‘నేనున్నాను’ అని హబ్‌కి చెప్తుంటాయి. ఆ మాట రాకపోతే ఫోను ‘అందుబాటులో లేదు’ అని చూపిస్తుంది. కానీ అలా చూపించడానికి చాలా గంటలు పట్టొచ్చు. కాబట్టి నెలకొకసారి తలుపు తీసి పరీక్షించాలి, బ్యాటరీ ఎంత ఉందో చూడాలి. కబురు విన్నాక ఎవరు లేచి వెళ్ళాలో కూడా ముందే అనుకోవాలి. డబ్బాలు మోగినా మంచె మీద మనిషి లేకపోతే లాభమేమిటి?

తాళమా, కబురా?

తాళం మనిషిని ఆపుతుంది, ఏమీ చెప్పదు. సెన్సర్ చెప్తుంది, ఎవర్నీ ఆపదు. దొంగ భయమున్నచోట తాళం మేలు అనిపిస్తుంది. ఐతే లోపల మనుషులు నిద్రపోయే చోట ఇంకొకటి ఆలోచించాలి.

1911 మార్చి 25న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ అనే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. పనివాళ్ళు సరుకు దొంగిలించి పోతారని అక్కడ ఒక తలుపుకి తాళం వేసి ఉంచేవాళ్ళు. ఆ రోజు ఆ తలుపు దగ్గర ఎంతోమంది చిక్కుకుపోయారు. మొత్తం 146 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మన అక్కల వయసు అమ్మాయిలు. మన దేశంలో కూడా 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి, బయటికి పోయే తలుపులు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని చెప్తుంది.

ఇక్కడే ఈ చిన్న సెన్సర్ విలువ తెలుస్తుంది. లోపల గడియ తీసుకుని ఎవరైనా బయటికి రావచ్చు, కానీ వచ్చినట్టు పెద్దవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. పిల్లల్ని బంధించకుండానే కనిపెట్టుకుని ఉండొచ్చు. ఐతే పెట్టిన చోట అందరికీ చెప్పి పెట్టాలి. రాత్రి ఎవరు ఎన్నిసార్లు దొడ్డికి పోయారో ఎవరికీ చెప్పకుండా లెక్క రాయడం మర్యాద కాదు.

మనమే చేసి చూద్దాం

ఒక రీడ్ స్విచ్చి, ఎర్ర ఎల్‌ఈడీ, 100 ఓముల నిరోధకం, రెండు టార్చి బ్యాటరీలు, ఒక అయస్కాంతం కావాలి. స్విచ్చి, ఎల్‌ఈడీ, నిరోధకం ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. అన్నిటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలపండి. ఎల్‌ఈడీ వెలక్కపోతే దాని కాళ్ళు తారుమారు చెయ్యండి. గాజు గొట్టం సున్నితం, కాళ్ళు మరీ మొదట్లో వంచొద్దు. ఇంటి కరెంటుకి మాత్రం పొరపాటున కూడా కలపొద్దు.

అయస్కాంతం దగ్గరికి తెస్తే దీపం వెలుగుతుంది, అంటే తలుపు మూసినట్టు. దూరం జరిపితే ఆరిపోతుంది. ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఆరిందో స్కేలుతో కొలవండి. మధ్యలో అట్ట, చెక్క, ఇనప రేకు ఒక్కొక్కటే పెట్టి మళ్ళీ కొలవండి. పట్టిక రాసి సైన్సు మాస్టారికి చూపించండి. బాగున్నవి వచ్చే సంచికలో వేద్దాం.

వార్డెన్ గారికి ఒక మనవి. ఇట్లాంటి సెన్సర్ మన పడకగదికి ఎప్పుడొస్తుందో తెలీదు. అంతవరకు రాత్రి తలుపు లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలనీ, ఎక్కడైనా తాళం వెయ్యక తప్పకపోతే చెవి ఎవరి దగ్గరుందో ఆ గదిలో పడుకునే చిన్నపిల్లాడికి సైతం తెలిసుండాలనీ కోరుతున్నాం. దానికి బ్యాటరీ అక్కర్లేదు.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి, సైన్సు క్లబ్బు